పాత తోట మండపాన్ని విప్పి మరో చోట నిలబెట్టడం ఎలా

గుంటూరు చుట్టుపక్కల, విజయవాడ నుంచి నూజివీడు వైపు వెళ్లే దారుల్లో, పాత తోటలు మిగిలిన చోట ఇప్పటికీ అక్కడక్కడ ఒక చిన్న కట్టడం కనిపిస్తుంది. నడుము ఎత్తు అరుగు, దాని మీద నాలుగో ఎనిమిదో రాతి స్తంభాలు, వాటిపై టేకు దూలాలు, ఆ పైన బెంగుళూరు పెంకులు లేదా సున్నపు మిద్దె, పక్కనే ఒక బావి. కాయ కోతకు వచ్చిన రోజుల్లో లెక్క చూసుకోవడానికి, వేసవి సాయంత్రాల్లో ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి కట్టుకున్న మండపం అది. తోట వెంచర్‌గా మారినప్పుడు ముందు చెట్లు పోతాయి, తరువాత ఈ మండపం పోతుంది. జేసీబీ వచ్చిందంటే అది అరగంట పని.

అలాంటి మండపాలు రెండింటిని విప్పి మరో చోటికి చేర్చిన పనిలో నేను పాల్గొన్నాను. మొదటిదానిలో చేసిన పొరపాట్లే రెండోదానికి పాఠాలయ్యాయి కనుక, వాటిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసినది, మండపాన్ని కదపడం నిజంగా అవసరమా అన్నది. లేఅవుట్ వేసేవారు ఎలాగూ ఉమ్మడి అవసరాలకు కొంత ఖాళీ స్థలం వదలాలి. నక్షా ఇంకా కాగితం మీద ఉండగానే యజమానితో మాట్లాడి, ఆ పార్కు స్థలం మండపం ఉన్న చోటికే వచ్చేలా గీయించగలిగితే, ఒక్క రాయి కదల్చకుండా పని పూర్తవుతుంది. ఎంత జాగ్రత్తగా విప్పినా కొంత నష్టం తప్పదు: సున్నపు పని పోతుంది, అరుగు లోపలి పూడిక పోతుంది, బావికీ మండపానికీ ఉన్న పొత్తు పోతుంది. అందువల్ల తరలింపును చివరి దారిగానే చూడాలి. రోడ్డు విస్తరణ, ముంపు, లేదా ఎంత చెప్పినా వినని యజమాని, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురైతే తప్ప ఆ దారి పట్టకూడదు.

ఈ పని ఎలా చేయాలో, ఎలా చేయకూడదో చూపే ఉదాహరణలు మన కృష్ణా తీరంలోనే ఉన్నాయి. అమరావతి స్తూపం దగ్గర 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, అక్కడి నుంచి చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లాయి. రాళ్లు భద్రంగానే ఉన్నాయి. అయితే ఏ పలక స్తూపంలో ఏ వైపున, దేని పక్కన నిలిచి ఉండేదో సరైన నమోదు లేకపోవడంతో, ఆ తరువాతి పండితులు ఊహాచిత్రాలతో కుస్తీ పట్టవలసి వచ్చింది. అదే నదికి ఎగువన, నాగార్జునసాగర్ జలాశయం నిండబోతున్నదని తెలిసి 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపినప్పుడు, ముఖ్యమైన కట్టడాలను కొలతలతో, పటాలతో నమోదు చేసి కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపు దగ్గర తిరిగి కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి రాయిగా విప్పి అలంపురంలో నిలబెట్టారు. ఈ పని తలపెట్టినవారు ఒక ఆదివారం అనుపు వెళ్లి అక్కడి రాళ్ల అతుకులను దగ్గరగా చూసి రావడం మేలు. రాయిని కాపాడడం ఒక పని, దాని చోటును కాపాడడం మరో పని. రెండోదే కష్టం.

అనుమతులు

మొదట భూమి ఎవరిదో, మండపం ఎవరిదో విడివిడిగా తేల్చుకోవాలి. తోట ప్రైవేటు ఆస్తి అయినా, మండపంలో ఒకప్పుడు ఉత్సవ విగ్రహాన్ని దించేవారని ఊళ్లో చెప్పుకుంటూ ఉంటే, అది దేవాదాయ శాఖ లెక్కల్లో ఉండే అవకాశం ఉంది. వారిని అడగకుండా ముట్టుకోకూడదు. తరువాత రాష్ట్ర పురావస్తు శాఖకు ఫొటోలతో ఉత్తరం రాసి, ఆ కట్టడం 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రక్షిత జాబితాలో లేదని రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దాని వెలుపల మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం ఉంటాయి. మండపాన్ని తీసుకువెళ్లి నిలబెట్టే కొత్త స్థలం ఉండవల్లి గుహలకో మొగల్రాజపురం గుహలకో చేరువలో ఉంటే ఈ నిబంధన వర్తిస్తుందని మరచిపోకూడదు.

అరుగు తవ్వేటప్పుడు నాణేలో, లోహ విగ్రహమో, మరే విలువైన వస్తువో బయటపడితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఈ సంగతిని పని మొదలుపెట్టే ముందు రోజే కూలీలందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. దొరికిన తరువాత చెబితే అప్పటికే ఆలస్యం అవుతుంది.

గుర్తులు, కొలతలు

విప్పడానికి నాలుగు రోజులు పట్టే మండపానికి, రాసుకోవడానికి పదిహేను రోజులు కేటాయించాలి. మేస్త్రి నవ్వుతాడు, యజమాని విసుక్కుంటాడు. అయినా తగ్గించకూడదు.

అరుగు మీద ఒక స్థిరమైన గుర్తు పెట్టుకుని, ట్యూబ్ లెవెల్‌తో ప్రతి స్తంభం అడుగునూ తలనూ ఆ గుర్తుతో పోల్చి రాసుకోవాలి. నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టమే అయినా, ఇంత చిన్న కట్టడానికి దానికి మించిన సాధనం అక్కర్లేదు. స్తంభాల మధ్య దూరాలే కాక, మూల నుంచి మూలకు ఐమూలగా కూడా స్టీలు టేపుతో కొలవాలి. రెండు ఐమూలలూ సమంగా లేకపోతే మండపం మొదటి నుంచీ వంకరగా కట్టారా, నేల కుంగి తరువాత వంకరపోయిందా అన్నది అక్కడే తేల్చుకోవాలి. మొదటిదైతే ఆ వంకరను అలాగే తిరిగి కట్టాలి, రెండోదైతే సరిదిద్దవచ్చు. అరుగు రాతి వరస కూడా అదే వైపు వాలి ఉంటే నేల కుంగిందని, అరుగు మట్టంగా ఉండి స్తంభాలు మాత్రమే తేడాగా ఉంటే అది కట్టినవారి చేతి పని అని సాధారణంగా అనుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మేము విప్పిన రెండో మండపంలో వాయవ్య మూల స్తంభం మిగతావాటికన్నా పొట్టి. దాని అడుగున, సున్నం మధ్యలో, అరచేయంత పలుచని నాపరాతి చెక్క ఒకటి దొరికింది. చెత్త అనుకుని కూలీ దాన్ని పక్కన పారేయబోయాడు. నిజానికి పొట్టి స్తంభాన్ని మిగతావాటి ఎత్తుకు తేవడానికి పాతకాలపు మేస్త్రి పెట్టిన ఎత్తు అది. దానికి కూడా ఒక అంకె వేసి, సంచిలో పెట్టి, ఆ స్తంభంతోనే కట్టి పంపించాము. తిరిగి కట్టిన రోజున ఆ చెక్క లేకపోతే దూలం ఒక మూలన గాలిలో తేలేది. కనుక రాళ్ల మధ్య దొరికే చెక్కలు, ఇనుప రేకులు, సీసపు ముద్దలు ఏవీ పారేయకూడదు.

అంకెలు వేసే పద్ధతి సులువుగా ఉండాలి. మేము వరసకు దిక్కు పేరు, తరువాత స్తంభం అంకె, ఆ తరువాత కింది నుంచి పైకి ముక్క అంకె వేశాము. "ఉ-2-3" అంటే ఉత్తరపు వరసలో రెండో స్తంభంలో మూడో ముక్క. ప్రతి ముక్క మీదా పైకి ఒక బాణం, ఉత్తరానికి ఒక బాణం గీయాలి. నాలుగు పలకల స్తంభాన్ని నాలుగు రకాలుగా నిలబెట్టవచ్చు, వాటిలో మూడు తప్పే. అంకెలను అతుకులో దాగిపోయే ముఖం మీద ఆయిల్ పెయింటుతో రాయాలి, బయటి ముఖానికి అల్యూమినియం బిళ్లను రాగి తీగతో కట్టాలి. మొదటి మండపానికి మేము సుద్దముక్కతో రాశాము. రాళ్లన్నీ తోటలో పరిచి ఉండగా ఒక రాత్రి అకాల వర్షం కురిసింది, తెల్లారేసరికి ఒక్క అంకె మిగలలేదు. ఎనిమిది స్తంభాలను ఫొటోలు చూసుకుంటూ జతపరచడానికి మళ్లీ మూడు వారాలు పట్టింది. ఇంకొక జాగ్రత్త: రాయి తిరగబడితే 6, 9 ఒకటే. ఆ రెండింటినీ అక్షరాల్లో రాయడం క్షేమం.

ప్రతి ముక్కనూ అంకె పలక, కొలబద్ద పక్కన పెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటో తీయాలి. ఫొటోలను రెండు చోట్ల దాచడమే కాక, ఒక ప్రతిని అచ్చు తీయించి పని దగ్గర ఉంచాలి, ఎందుకంటే మన ఎండలో సెల్‌ఫోను తెర మీద ఏమీ కనిపించదు. పాత సున్నం ముద్దలను గోడ నుంచి, మిద్దె నుంచి, పూత నుంచి వేరువేరుగా తీసి కవర్లలో చీటీలతో దాచాలి. కొత్త సున్నం కలిపేటప్పుడు ఇసుక పాలు, రంగు సరిచూసుకోవడానికి అవి అక్కరకు వస్తాయి.

విప్పడం

మన ప్రాంతంలో ఈ పనికి అనువైన కాలం సంక్రాంతి తరువాత మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు తుపానులవి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటిన రోజు, సగం విప్పిన మండపం ఏదైనా ఉండి ఉంటే దాని గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. జనవరి చివర్లో విప్పి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పునాదీ కూర్పూ ముగించుకుంటే, సున్నపు పని రోహిణి కార్తె ఎండల బారిన పడకుండా ఉంటుంది.

ముందు రోజు సాయంత్రం అరుగు సందుల్లో, చూరు కింద పాములు, తేనెపట్లు ఉన్నాయేమో చూసుకోవాలి. పాములు పట్టేవారి నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఆ తరువాత సరుగుడు కర్రలతో పరంజా కట్టి, కట్టిన వరసకు సరిగ్గా ఎదురు వరసలో, అంటే పైనుంచి కిందికి, విప్పాలి. ముందు పెంకులు, తరువాత రీపర్లు (పెంకులు ఆనే సన్నని కలప పట్టీలు), వాసాలు, దూలాలు, ఆ తరువాత బోదికలు (స్తంభం తలపై దూలాన్ని మోసే రాళ్లు), చివరికి స్తంభాలు. పై బరువు దిగిన కొద్దీ స్తంభాలు పట్టు కోల్పోతాయి కనుక, దూలాలు దించకముందే ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపుల నుంచి కర్రలతో ఆపు చేయాలి.

పెంకులను ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టి వినాలి. ఖంగున మోగితే మంచిది, బొక్కగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. పేరుకు ఇవి బెంగుళూరు పెంకులే అయినా, వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు మంగుళూరు ముద్ర కనిపిస్తుంది. ఈ రకం పెంకుల తయారీని బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో మొదలుపెట్టారు. ముద్ర ఉన్న పెంకులను వేరుగా కట్టలు కట్టాలి. చదరపు మీటరుకు సుమారు పదిహేను పెంకులు పడతాయి కనుక, విరిగినవాటికి ఎన్ని వెతకాలో అప్పుడే లెక్క తేలుతుంది. పాత ఇళ్ల కలప, పెంకులు అమ్మే దుకాణాల్లో అవే అచ్చువి దొరుకుతుంటాయి.

పైన పెంకు కాక సున్నపు మిద్దె ఉంటే దాన్ని తరలించలేము. టేకు వాసాల మీద చిన్న పలుచని ఇటుకలను ఐమూలగా నిలబెట్టి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి గట్టిపరచిన ఆ కప్పు విప్పగానే పొడి అవుతుంది. ఇటుకలను మాత్రం దక్కించుకుని, పొరల మందాన్ని కొలిచి రాసుకుని, కొత్త చోట మళ్లీ వేయించుకోవాలి. ఈ పని తెలిసిన తాపీ మేస్త్రీలు కొద్దిమందే ఉన్నారు. వారిలో ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోకుండా మిద్దె మీద చేయి వేయకూడదు.

రాళ్ల అతుకుల్లోని సున్నం మెత్తనిది. పాత రంపపు బ్లేడుతో దాన్ని కోసి, సందులో చెక్క మేకులు మెల్లగా కొడుతూ పోతే రాయి తనంతట తానే విడుతుంది. గునపాన్ని రాతి అంచున పెట్టి ఎత్తితే అంచు లేచిపోతుంది. తప్పనిసరి అయితే కింద చెక్క పెట్టి ఎత్తాలి. నడుమ ఎవరో సిమెంటుతో మరమ్మతు చేసి ఉంటే ఆ చోట గంటల కొద్దీ చిన్న ఉలితో కొట్టుకోక తప్పదు. ఆ మరమ్మతు చేసినవారిని తిట్టుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

బరువు తెలియకుండా ఏదీ ఎత్తకూడదు. నల్లరాయి ఘనమీటరు సుమారు 2.7 టన్నులు. ఒక్కో పలక అడుగు వెడల్పు, మొత్తం ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న స్తంభం దాదాపు 600 కిలోలు తూగుతుంది. నలుగురు మనుషులు భుజాల మీద మోసే బరువు కాదది. చైన్ పులీతోగానీ, చోటు ఉంటే హైడ్రా క్రేన్‌తోగానీ, వెడల్పాటి నైలాన్ బెల్టులు వేసి, బెల్టుకూ రాతికీ మధ్య గోనెపట్ట మడతలు పెట్టి దించాలి. ఇనుప గొలుసు రాతి చెక్కడాన్ని క్షణంలో తినేస్తుంది.

మోసుకెళ్లడం

నిలబడి బరువు మోయడంలో రాయికి ఎంత బలం ఉన్నా, పడుకోబెట్టి వంచితే అది పెళుసు. లారీలో స్తంభాన్ని పడుకోబెట్టేటప్పుడు నడుమ ఒక్క చోటనో, రెండు కొసలనో ఆనించకూడదు. పొడవులో ఐదో వంతు దూరంలో రెండు వైపులా ఇసుక బస్తాలు వేసి ఆనించాలి, అంటే ఎనిమిది అడుగుల స్తంభానికి ఒక్కో కొస నుంచి అడుగున్నరకు కాస్త పైన. రాతి దూలాలు ఉంటే, అవి కప్పు కింద ఏ వైపు కిందికి ఉండేవో లారీలోనూ ఆ వైపే కిందికి ఉండాలి. నాపరాతి పలకలను పడుకోబెట్టకుండా, పుస్తకాలు పేర్చినట్టు నిలువుగా పెట్టి మధ్యలో వరిగడ్డి కూరాలి. దారిలో కరెంటు తీగల ఎత్తునూ, నగరంలో భారీ వాహనాలను వదిలే వేళలనూ ముందే చూసుకుంటే చాలు.

కొత్త నేల, పునాది

మండపాన్ని ఎంత చక్కగా తెచ్చినా పాడుచేసేది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని పగుళ్లు తీసే ఈ నేల మీద, బరువైన మేడకన్నా తేలికపాటి మండపానికే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఉబ్బే మట్టిని అణిచి ఉంచేంత బరువు దానికి ఉండదు. కొత్త స్థలంలో మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పునాది గీయించాలి. సాధారణంగా రేగడిని తగినంత లోతు వరకు తీసివేసి, ఉబ్బని గ్రావెల్‌ను పలుచని పొరలుగా, నీళ్లు చల్లి దిమ్మిసా చేస్తూ నింపుతారు. రేగడి మరీ లోతుగా ఉంటే కింద బుడ్డలా వెడల్పయ్యే పైల్స్, అంటే భూమిలోకి దింపే కాంక్రీటు స్తంభాలు, వేస్తారు. భూమిలో దాగి ఉండే పునాదికి కాంక్రీటు వాడినా నాకు అభ్యంతరం లేదు, అయితే పాత రాయి మొదలయ్యే చోట నుంచి పైకి సిమెంటు రాకూడదు.

నీరు ఎంతవరకు వస్తుందో స్థానికులను అడిగి తెలుసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ మట్టం గోడల మీద ఇంకా కనిపించే ప్రాంతమైతే అరుగును దానికి పైకి లేపాలి, లేదా మరో స్థలం చూసుకోవాలి. మండపాన్ని పాత దిక్కుకే తిప్పి నిలబెట్టడం ముఖ్యం. పడమటి ఎండకు ఏళ్ల తరబడి మాగిన ముఖాన్ని తూర్పుకు తిప్పితే, పాత వాన చారలూ నాచు మరకలూ అర్థం లేనివిగా కనిపిస్తాయి.

కూర్పు

విప్పడానికి ముందే, కనీసం రెండు వారాలు ముందుగా, గుంటలో సున్నం నానబెట్టాలి. రాతి సున్నం నీటిలో పడగానే కుతకుత ఉడుకుతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకూడదు. నానిన కొద్దీ అది వెన్నలా మారుతుంది. పాత నమూనాను చూసుకుంటూ, దాదాపు ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, అందులో కొంత ఇటుక పొడి కలిపి, గానుగలో గానీ రోటిలో గానీ దంచాలి. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల గురించి చాలామంది అడుగుతారు. అవి పనితనాన్ని పెంచే మాట నిజమే, అయితే సరిగా నానని సున్నాన్ని ఏ బెల్లమూ కాపాడలేదు. ముందు చిన్న ఇటుక దిమ్మ మీద ప్రయత్నించి, నెల ఆగి చూసిన తరువాతే మండపానికి వాడాలి.

స్తంభాలు నిలబెట్టే ముందు దూలాలను, బోదికలను నేల మీద సున్నం లేకుండా ఒకసారి కూర్చి చూడాలి. బోదిక అడుగున ఉన్న గుంటలో స్తంభం తలపై ఉన్న కుసి (ఆ గుంటలో దిగే మొన) ఎక్కడ తగులుతున్నదో నేల మీదే తెలిసిపోతే, పది అడుగుల ఎత్తులో ఉలి పట్టుకోవలసిన పని ఉండదు. పాత ఇనుప పట్టీలు తుప్పుతో ఉబ్బి రాయిని చీలుస్తాయి కనుక వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయాలి. పోత ఇనుప కటకటాలు విరిగి ఉంటే ఆటోనగర్‌లో అతికించేవారు ఉన్నారు. అయితే మామూలు వెల్డింగు రాడ్డుతో పోత ఇనుము పక్కనే మళ్లీ చిట్లుతుందని, నికెల్ రాడ్డు వాడి మెల్లగా చల్లార్చాలని ముందే చెప్పుకోవాలి. చెదలు తిన్న దూలపు కొసలను కోసి, పాత టేకునే అతికించి, కలప అంతటికీ బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టించాలి. చూరు దగ్గరి రెండు వరసల పెంకులను రాగి తీగతో రీపర్లకు కట్టాలి. పెనుగాలి ముందుగా పట్టుకుని లేపేది అక్కడే. కొత్తగా చెక్కించిన ప్రతి రాతి మీద, అతుకులో దాగే ముఖాన, చెక్కిన సంవత్సరాన్ని వేయించాలి. అలా చేస్తే పాతదేదో కొత్తదేదో రేపు విప్పేవారికి తెలుస్తుంది.

అతుకుల సున్నాన్ని కనీసం రెండు వారాలు తడి గోనెపట్టలు కప్పి ఉంచాలి. సున్నం గట్టిపడేది గాలిని మెల్లగా పీల్చుకుని కనుక, పైకి ఆరినట్టు కనిపించినా స్తంభాలకు కట్టిన సరుగుడు కర్రలను కప్పు పూర్తయి నెల గడిచే వరకు తీయకూడదు. మేస్త్రి వాటిని మరో పనికి తీసుకువెళ్తానని తొందరపెడతాడు. అద్దె మనమే కట్టుకుని అయినా ఉంచుకోవాలి.

కొలతల పుస్తకాన్ని అంతటితో మూసేయకూడదు. అరుగు మీద, స్తంభాల అడుగున, సన్నని గాజు పట్టీలను సందుకు అడ్డంగా అతికించి, మే నెలలో ఒకసారి, తొలి వానలు కురిసిన జులైలో ఒకసారి, మళ్లీ డిసెంబరులో ఒకసారి చూసి తేదీతో రాయాలి. గాజు మే నెలలో చిట్లితే కింద రేగడి ముడుచుకుంటున్నదని, జులైలో చిట్లితే ఉబ్బుతున్నదని అర్థం; రెండు సందర్భాల్లోనూ అరుగు చుట్టూ నీరు నిలవకుండా, నేల పూర్తిగా ఎండిపోకుండా వాలుగా గ్రావెల్ పరిచి, మరో ఏడాది కొలుస్తూనే ఉండాలి.